కంపోజిటర్ ఎక్కడికి పోయాడు?

బడిలో తెలుగు చెప్పేవాళ్లకు ఏడాదికొకసారి తప్పని పని ఒకటుంది. 'విజ్ఞానశాస్త్రం వరమా? శాపమా?' అన్న వ్యాసాలు దిద్దడం. నలభై కాగితాలు దిద్దితే నలభైలోనూ ముగింపు ఒక్కటే. కత్తితో కూర తరగవచ్చు, గొంతూ కోయవచ్చు. అంతా వాడేవాణ్ణి బట్టి ఉంటుంది. తొమ్మిదో తరగతి పిల్లలు రాస్తే నేను దానికి మార్కులు వేస్తాను. ఈమధ్య ఉస్మానియా ఆర్ట్స్ కళాశాల మెట్లమీద ఒక పరిశోధక విద్యార్థి తన సిద్ధాంత గ్రంథం ప్రణాళిక నా చేతికిచ్చాడు. అంశం 'సాంకేతికత – ఆధునిక తెలుగు సాహిత్యం'. మూడో అధ్యాయం సానుకూల ప్రభావాలు, నాలుగోది ప్రతికూల ప్రభావాలు, ఐదోది సమన్వయం. చదువుతుంటే నాకు నా నలభై కాగితాలే గుర్తొచ్చాయి. ఆ కుర్రవాణ్ణి అనవలసిన పని లేదు. మన విమర్శ అతనికి అందించిన చట్రమే అది.

ఈ వరం–శాపం లెక్కలో రాని ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. కత్తి ఎవరిది? తరిగేవాడికి రోజుకు ఎంత ఇస్తున్నారు? తరగడంలో వాడు సంపాదించుకున్న ఒడుపు, రేపు ఇంకో పరికరం వస్తే ఏ ధరకు పోతుంది? యంత్రం మీద మన కవులకూ కథకులకూ ఉన్న భావాలు మన సాహిత్యంలో పుష్కలంగా ఉన్నాయి. యంత్రం దగ్గర నిలబడ్డ మనిషి చేసే పని మాత్రం చాలా తక్కువ. పని అంటే 'శ్రమజీవి' అన్న మాట కాదు. పనిగంటలు, కూలి రేటు, చేతి నేర్పు, ఆ నేర్పుకు బజారులో ధర ఉన్న కాలం, ధర పోయిన రోజు. నా అభియోగం ఇదే. అభ్యుదయ రచయితలమని చెప్పుకునే మన మీద ఇది మరింత గట్టిగా నిలుస్తుంది. ఎందుకు నిలుస్తుందో చెప్పడానికి మన ఇంటి విషయమే ఎత్తుకుంటాను. అంతకుముందు మన సాహిత్యంలో యంత్రం పట్ల ఉన్న రెండు ధోరణుల గురించి కొంచెం.

మొదటిది ఉత్సాహం. స్వాతంత్ర్యం తర్వాతి రెండు దశాబ్దాల్లో ఆనకట్ట, ఉక్కు, విద్యుత్తు కవిత్వానికి వస్తువులయ్యాయి. భారీ ప్రాజెక్టులను నెహ్రూ కొత్త కాలపు దేవాలయాలన్నాడు. కవులు వాటికి స్తోత్రాలు రాశారు. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగింది. ఆ ఆనకట్టను రాతితో కట్టారు. సిమెంటూ విదేశీ మారకమూ కొరతగా ఉన్న రోజులవి. కూలీల భుజాలకు మాత్రం కొరత లేదు, అవి చౌక కూడా. వేలాదిమంది స్త్రీలూ పురుషులూ రాళ్లూ గచ్చూ మోసి ఆ గోడను ఆకాశానికి లేపారు. యంత్రం ఎక్కడ వస్తుందో, ఎక్కడ రాకుండా ఆగిపోతుందో నిర్ణయించేది చాలాసార్లు కూలి రేటే. ఇంగ్లండులో గుర్రాల కంటే ఆడవాళ్లు చౌకగా దొరికినన్నాళ్లూ కాలువల్లో పడవలను ఆడవాళ్ల చేతనే లాగించారని మార్క్స్ 'పెట్టుబడి' మొదటి సంపుటంలో, యంత్రాల మీది అధ్యాయంలో, ఎత్తి చూపాడు. మన ఆనకట్ట కవిత్వం గోడ ఎత్తు చూసింది గాని తట్ట బరువు తూచలేదు.

రెండో ధోరణి దుఃఖం. 1991 ఆర్థిక విధానాల తర్వాత ఇది వెల్లువగా వచ్చింది. దీనికి శిఖరం గోరటి వెంకన్న పల్లె కన్నీటి పాట. ఆ పాట బలం ఎక్కడుంది? కన్నీటిలో లేదు. ఒక్కొక్క వృత్తినీ పేరుపెట్టి పిలిచి, దాని పనిముట్టు దగ్గర ఆగి, అది ఇప్పుడు ఏ స్థితిలో పడి ఉందో చూపడంలో ఉంది. తమాషా ఏమిటంటే ఈ పనిముట్లు మనకు కొత్తవి కావు. శ్రీశ్రీ 'ప్రతిజ్ఞ'లో కమ్మరి, కుమ్మరి, సాలె వీళ్ల పనిముట్లకే జేజేలు పలికాడు. అక్కడ కదులుతున్న చక్రం ఇక్కడ ఆగింది. రెండు పాటలకూ నడుమ సుమారు అరవై ఏళ్లు. ఆ అరవై ఏళ్లలో ఆ చక్రానికి ఏం జరిగిందో చెప్పవలసిన బాధ్యత కథదీ నవలదీ. పాట అంత పని చేయలేదు, చేయనక్కరలేదు కూడా.

కాని వెంకన్న తర్వాత వచ్చిన అనుకరణల్లో కుమ్మరి మనిషి కాకుండా పోయాడు, ప్రతీక అయ్యాడు. అందమైన పాత పల్లెకు ప్రతీక. నైజాం పల్లెలో కుమ్మరి దొర గడీకి కుండలు ఊరికే ఇచ్చుకోవలసిన వాడన్న సంగతి ఈ కవిత్వంలో ఉండదు. వెట్టి ఉండదు, వృత్తిని కులానికి కట్టేసిన తాడు ఉండదు. కొడుకు చక్రం ముట్టకుండా బడికి పోతానన్నప్పుడు సంతోషించిన కుమ్మరి తల్లులను నేను నా బడిలోనే చూశాను. ఆ తల్లి సంతోషమూ, చక్రం ఆగినందుకు తండ్రి పడ్డ అప్పూ రెండూ ఒకే ఇంట్లో ఉన్నాయి. రెంటినీ పట్టుకున్నవాడే కథకుడు.

కాళీపట్నం రామారావు 'యజ్ఞం' (1964) అలా పట్టుకున్న కథ. సుందరపాలెం వెనకబడ్డ పల్లె కాదు, అభివృద్ధి పొందిన పల్లె. అక్కడ విలన్‌గా ఏ యంత్రమూ నిలబడదు. ఐనా పల్లె బయటి ప్రపంచంతో ముడిపడిన తీరు, వర్తకం దిశ మారిన తీరు, ఆ మార్పులో అప్పల్రాముడి భూమి అప్పు కిందికి జారిన తీరు లెక్కాపత్రంతో సహా పంచాయితీలో బయటపడతాయి. ఆ లెక్క వినకపోతే సీతారాముడు కన్నకొడుకును నరికిన ముగింపు మనకు ఒక్క ఉద్రేకంగానే మిగిలేది. లెక్క విన్నాం కాబట్టి అది ఆర్థిక నిర్ణయమంత కఠోరంగా కనిపిస్తుంది. సింగరేణి మీద వచ్చిన మంచి కథల్లోనూ, అల్లం రాజయ్య, తుమ్మేటి రఘోత్తమరెడ్డి వంటివారి చేతుల్లో, ఈ పట్టు ఉంది. షిఫ్టు, హాజరు, రూఫు ఆ కథల్లో అలంకారాలు కావు. 1990ల ఆరంభంలో లక్షకు పైగా ఉన్న సింగరేణి కార్మికులు ఇప్పుడు నలభై వేల దాపుకు తగ్గారు. ఓపెన్‌కాస్టు యంత్రాలూ, కాంట్రాక్టు పద్ధతీ వాళ్ల చోట్లు తీసుకున్నాయి. ఆ తగ్గుదలను కథ ఎంత చెప్పిందన్నది వేరే వ్యాసం అడగవలసిన ప్రశ్న.

ఇక మన ఇంటి విషయానికి వస్తాను.

అభ్యుదయ రచయితల సంఘం 1943లో తెనాలిలో పుట్టింది. 1966లో వరంగల్లు నుంచి 'సృజన' మొదలైంది. 1970లో విరసం ఏర్పడింది. మాసపత్రికలు, ప్రత్యేక సంచికలు, కరపత్రాలు, కవితా సంకలనాలు, నిషేధానికి గురైన పుస్తకాలు, అన్నిట్లోనూ రైతుకూలీ ఉన్నాడు, నేతగాడు ఉన్నాడు, రిక్షా తొక్కేవాడు ఉన్నాడు. ఈ అక్షరాలన్నిటినీ ఒక్కొక్కటిగా ఏరి, స్టిక్కులో పేర్చి, మనకు పుస్తకం చేసి ఇచ్చిన మనిషి మాత్రం ఉండడు. కంపోజిటర్ నాయకుడుగా నడిచిన తెలుగు కథ నేను చదివిన వేలాది కథల్లో నాకు గుర్తుండే స్థాయిలో ఒక్కటీ తగలలేదు. 1867 నాటి ముద్రణ చట్టం ప్రతి పుస్తకం మీదా ముద్రాపకుడి పేరు వేయాలంది. ఆ పేరు ప్రెస్సు యజమానిది. మన పుస్తకాల్లో కూర్చినవాడి పేరు వేయవద్దని ఏ చట్టమూ చెప్పలేదు. ఐనా మనం వేయలేదు.

మాది నల్లగొండ జిల్లాలో ఒక చిన్న పట్నం. మా బడి పరీక్ష కాగితాలూ, పెళ్లి కార్డులూ, ఎన్నికల కరపత్రాలూ ఒకే ప్రెస్సులో అచ్చయ్యేవి. నాకు పదేళ్లప్పుడు అక్కడి కంపోజిటర్ "నీ పేరేంది బిడ్డా" అని అడిగి, నేను చెప్పడం పూర్తయ్యేలోగా నా పేరును స్టిక్కులో కూర్చి చూపించాడు. అక్షరాలు అద్దంలో చూసినట్టు తిరగబడి ఉన్నాయి. నేను చదవలేకపోయాను. అతను నవ్వి సిరా అంటించి చిత్తుకాగితం మీద అద్దాడు.

ఆ పనిలో ఏముందో మన రచయితలకు తెలియకపోలేదు. ప్రూఫులు దిద్దడానికి వెళ్లి గంటలు గంటలు అక్కడే కూర్చున్నవాళ్లమే. ఇంగ్లీషుకు రెండు కేసులు చాలితే తెలుగుకు చాలవు. తలకట్టు అక్షరం ఒకటి, గుడి ఉన్నది ఒకటి, కొమ్ము ఉన్నది ఒకటి, ఒత్తులు వేరు. కంపోజిటర్ తన చుట్టూ కేసులు నిలబెట్టుకుని మధ్యలో నిలబడాలి. ఏ గడిలో ఏ అక్షరముందో చేతికి తెలియాలి. రచయిత రాతలో తప్పుంటే గుర్తుపట్టాలి. తన తెలివితో దిద్దితే తిట్లు, దిద్దకపోతే తిట్లు. గాలీ తీసి, ప్రూఫు ఇచ్చి, సవరణలు చేసి, ఫారం బిగించాక, అచ్చు పూర్తయిన మర్నాడు ఆ అక్షరాలన్నిటినీ కడిగి మళ్లీ ఎవరి గడిలోకి వాటిని వేయాలి. దాన్ని డిస్ట్రిబ్యూషన్ అనేవారు. పొద్దంతా నిలుచుని చేసే పని. వేళ్ల నిండా సీసం. అదే చేత్తో అన్నం.

1980ల చివరా 1990ల మొదటా కంప్యూటర్ వచ్చింది. పత్రికా కార్యాలయాల్లో ముందు, చిన్న ప్రెస్సుల్లో కొంచెం వెనకగా. తెలుగు ఫాంట్లూ పేజ్‌మేకరూ చేతికందగానే ఏళ్ల తరబడి కూడబెట్టిన సీసపు అక్షరాలను యజమానులు తూకానికి అమ్మేశారు. మా ఊరి కంపోజిటర్ తర్వాత ఒక ఫంక్షన్ హాలు దగ్గర కాపలాకు కుదిరాడని విన్నాను. ఎవరూ సమ్మె చేయలేదు. 1986లో లండన్‌లోని వాపింగ్‌లో ఇదే మార్పు వచ్చినప్పుడు అయిదు వేలకు పైగా ముద్రణ కార్మికులు ఉద్యోగాలు పోగొట్టుకుని ఏడాదిపాటు రోడ్డుమీద పోరాడి ఓడిపోయారు. 1978 జులైలో న్యూయార్క్ టైమ్స్ సీసపు కూర్పుకు స్వస్తి చెప్పిన ఆఖరి రాత్రిని ఆ పత్రికలోనే ప్రూఫ్‌రీడర్‌గా ఉన్న డేవిడ్ లోబ్ వైస్ సినిమా తీశాడు. యంత్రాల చప్పుడూ, ఆ చప్పుడులో బతికిన బధిర కార్మికులూ, కొత్త మిషన్ నేర్చుకుంటున్న నడివయసు చేతులూ అందులో మిగిలాయి. మనకు సమ్మె లేకపోవడానికి కారణం ఉంది. మన ప్రెస్సుల్లో పనిచేసేది ఇద్దరో ముగ్గురో. కరెంటుతో నడిస్తే పదిమంది ఉంటేగాని 1948 ఫ్యాక్టరీల చట్టం అప్పట్లో వర్తించేది కాదు. చట్టం కిందికి రానివాళ్లు, సంఘం పెట్టుకోలేనివాళ్లు. సినిమా లేకపోవడానికి, కనీసం కథ లేకపోవడానికి మాత్రం కారణం అది కాదు.

కారణం చెప్పుకోవడం కొంచెం ఇబ్బంది. ఆ మార్పు వల్ల లాభపడ్డవాళ్లలో మనం కూడా ఉన్నాం. పత్రిక ఖర్చు తగ్గింది. నెల పట్టే పుస్తకం వారంలో వచ్చింది. అయిదు వందల ప్రతులు స్వయంగా వేసుకునే ధైర్యం కవులకు కలిగింది. అంతకుముందు కూడా ప్రెస్సులో మనం బేరమాడిన రేటు చివరికి కంపోజిటర్ జీతం దగ్గరే తగ్గేది. మగ్గాన్ని మింగిన పవర్‌లూమ్ మీద ఆగ్రహించడానికి మనకు దూరం సహాయం చేసింది. కేసును మింగిన కంప్యూటర్ మనకు మరీ దగ్గర.

నేను ఉస్మానియాలో ఎం.ఏ. చదివి ఉద్యోగంలో చేరాక, 2006 ప్రాంతంలో, వ్యాసాలు టైపు చేయించుకోవడానికి తార్నాక చౌరస్తా దగ్గరి ఒక గల్లీలోకి వెళ్లేవాణ్ణి. రెండు కంప్యూటర్లు, ఒక జిరాక్స్ మిషన్, ఒక లామినేషన్ మిషన్. ఇంటర్ చదివి ఆపేసిన ఒకమ్మాయి అక్కడ తెలుగు కొట్టేది. యజమాని పేజీకి పది రూపాయలు తీసుకునేవాడు, ఆమెకు ఇచ్చేది నాలుగు. జూన్‌లోనూ డిసెంబరులోనూ సిద్ధాంత గ్రంథాల గడువులు దగ్గరపడ్డప్పుడు రాత్రి పది దాకా ఉండేది. ఒకరోజు నా కాగితం చూసి, "సార్, ప్రాధాన్యత అని రాసిన్రు. ప్రాధాన్యం కాదా?" అంది. నాకు చెమట పట్టింది. ఎంతమంది ఆచార్యుల దిద్దుబాట్లు కొట్టి కొట్టి ఆమె ఆ వ్యాకరణం నేర్చుకుందో లెక్కేసుకోండి. హారీ బ్రేవర్‌మన్ 1974లో రాసిన పుస్తకంలో, యంత్రం వచ్చినప్పుడు కార్మికుడి నేర్పును విడగొట్టి చౌక చేయడమే పెట్టుబడి పద్ధతి అని వాదించాడు. మొత్తం మీద అది నిజం. కంపోజిటర్ నేర్పు అలాగే చౌకయింది. కాని చౌక అయిన పనిలో కూడా మనిషి మళ్లీ నేర్పు పోగుచేసుకుంటాడు. ఆ కొత్త నేర్పుకు పేరు ఉండదు కాబట్టి ధర కూడా ఉండదు. బ్రేవర్‌మన్ వదిలేసిన ఈ సగమే కథకుడికి దొరికే బంగారం.

ఆమెలాంటి వాళ్ల పేర్లు తెలుగు రాతల్లో ఒకేఒక్క చోట కనబడతాయి. విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఏ సిద్ధాంత గ్రంథమైనా తీసి కృతజ్ఞతల పుట చూడండి. పర్యవేక్షకులు, శాఖాధ్యక్షులు, తల్లిదండ్రులు, భార్య, మిత్రులు, అందరూ అయ్యాక చివరి వాక్యం: 'ఈ గ్రంథాన్ని చక్కగా డి.టి.పి. చేసిన ఫలానా వారికి ధన్యవాదాలు.' ముప్పై ఏళ్ల సాంకేతిక చరిత్ర ఆ చివరి వాక్యంలో దాక్కుని ఉంది.

ఈ ప్రాంగణానికి సాంకేతికతతో ఉన్న సంబంధం చిన్నది కాదు. 1917లో ఇక్కడి విశ్వవిద్యాలయం కోసం అనువాద సంస్థ దారుల్ తర్జుమా ఏర్పడింది. భౌతికశాస్త్రం నుంచి వైద్యం దాకా ఉర్దూలోకి తెచ్చారు. భారతీయ భాషలో ఉన్నత విద్య సాధ్యమని చూపిన గొప్ప ప్రయత్నం అది. దాన్ని తక్కువ చేయను. ఐతే ఆ రాజ్యంలో ఎక్కువమంది మాట్లాడే తెలుగుకు ఆ భాగ్యం లేదు. యంత్రం మాటలు తెలంగాణ తెలుగులోకి పుస్తకం ద్వారా రాలేదు, కార్ఖానా గేటు ద్వారా వచ్చాయి. తార్నాక పక్కనే ఉన్న లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్, మిస్త్రీ, హాజరు అన్న మాటలు ఏ నిఘంటువూ లేకుండా తెలుగయ్యాయి. ఈ విశ్వవిద్యాలయంలోనే చదివిన మఖ్దూం మొహియుద్దీన్ 1946లో అఖిల హైదరాబాద్ ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్‌కు అధ్యక్షుడయ్యాడు. కవీ కార్మిక నాయకుడూ ఒకే మనిషిలో ఉన్న ఆ రోజులు మళ్లీ ఈ మెట్ల మీద కనబడలేదు.

దీనికి ఎదురు దిక్కున జరిగిన పని భద్రిరాజు కృష్ణమూర్తిది. 1962 నుంచి 1986 దాకా ఇక్కడ భాషాశాస్త్రం చెప్పిన ఆయన సంపాదకత్వంలోనే 'మాండలిక వృత్తి పదకోశం' వ్యవసాయ సంపుటి 1962లో, చేనేత సంపుటి 1971లో వచ్చాయి. బల్ల ముందు కూర్చుని మాటలు పుట్టించలేదు. పని చేసేవాడి దగ్గరికి వెళ్లి, పనిముట్టును చూపి, దీన్నేమంటారని అడిగి రాసుకున్నారు. పడుగు, పేక, ఆసు, కండె, నాడె, ఒక్కొక్క మాటా ఏ సీమలో ఎలా పలుకుతారో చెప్పారు. మన నేతగాడి కథలు పక్కన పెట్టుకుని ఈ సంపుటి చదివి చూడండి. చాలా కథల్లో మగ్గం ఒక్కటే మాట. 'మగ్గం చప్పుడు', 'మగ్గం మూగబోయింది'. పదకోశంలో వందల మాటలున్న పనికి కథలో ఒక్క మాట చాలిందంటే, కథకుడు ఆ గుంటలో కాలు పెట్టలేదనే అర్థం. కంపోజింగు పనికి అటువంటి పదకోశం తయారయ్యేలోగా ఆ పనే పోయింది.

రోడ్డుకు అటువైపు చూస్తే విచిత్రంగా ఉంటుంది. తార్నాక నుంచి హబ్సిగూడ దాకా నడిచేలోగా నాలుగు జాతీయ ప్రయోగశాలలు తగులుతాయి: పోషకాహారం, రసాయనాలు, జీవకణాలు, భూభౌతికం. రసాయనాల ప్రయోగశాలకు 1944లో నిజాం ప్రభుత్వం పెట్టిన సంస్థ మూలం. ఎయిడ్స్ మందు జిడోవుడిన్‌ను చౌకగా తయారుచేసే పద్ధతిని 1990ల తొలినాళ్లలో అక్కడ రూపొందించారు. సిప్లా దాన్ని బజారులోకి తెచ్చింది. 1970 పేటెంట్ల చట్టం మందుకు కాక తయారీ పద్ధతికే పేటెంటు ఇచ్చింది కాబట్టి అది సాధ్యమైంది. 2005లో ఆ చట్టం మారింది. పరీక్షనాళిక ఒకటే, చట్టం మారితే దానిలోని మందు ధర మారుతుంది. వరమా శాపమా అనే వ్యాసానికి ఇంతకన్నా మంచి జవాబు లేదు. బస్సులో ఒకే స్టాపులో దిగే ఈ రెండు ప్రపంచాలను కలిపే నవల కోసం నేను ఎదురుచూస్తున్నాను.

మళ్లీ ఆర్ట్స్ కళాశాల మెట్ల దగ్గరికి. ప్రణాళిక చూపించిన విద్యార్థితో పాటు అతని మిత్రుడు ఒకడు వచ్చాడు. ఎం.ఏ. రెండో సంవత్సరం. సాయంత్రం ఆరు నుంచి రాత్రి పన్నెండు దాకా బండి మీద ఇళ్లకు భోజనాలు చేరవేస్తాడు. కవిత్వం రాస్తాడు. ఇటువంటి పని చేసేవాళ్లు 2020–21లో దేశంలో 77 లక్షలని నీతి ఆయోగ్ 2022లో అంచనా కట్టింది. వాళ్ల కోసం తెలంగాణ ప్రభుత్వం 2025 ఏప్రిల్‌లో ఒక ముసాయిదా బిల్లు కూడా బయటపెట్టింది. ఆ కుర్రవాడి కవితలో తాను వలసపిట్ట. నగరం రాక్షసి. ఫోను ఆమె మూడో కన్ను. వీపు మీద సంచి శిలువ. కవిత బాగాలేదని చెప్పడానికి మనసొప్పక, "రాత్రి నువ్వు చేసేదేమిటో వరసగా చెప్పు" అన్నాను.

చెప్పాడు. తార్నాక మెట్రో స్టేషన్ కింద పది పదిహేనుమంది బండ్లమీద కూర్చుని ఫోను చూస్తుంటారు. అందరికీ ఆర్డర్ ఒకేసారి రాదు. ఎవరికి ముందు వస్తుందో ఎవరికీ తెలియదు. కాబట్టి ప్రతి ఒక్కడికీ ఒక మూఢనమ్మకం ఉంది. ఒకడు ఫోను రెండుసార్లు ఆపి తెరుస్తాడు, ఇంకొకడు ఫలానా బేకరీ ముందే నిలబడతాడు. వెళ్లే దూరానికి డబ్బు ఉంటుంది గాని తిరిగివచ్చే దూరానికి ఉండదు. పద్నాలుగో ఆర్డర్ దాటితే అదనంగా కొంత. పదమూడు దగ్గర ఉన్నప్పుడు ఫోను చాలాసేపు మూగగా ఉంటుంది. హాస్టల్ దోస్తులే ఆర్డర్ పెట్టినప్పుడు హెల్మెట్ తీయకుండా ఇచ్చి వస్తాడు.

"ఈ హెల్మెట్ సంగతి కవితలో ఏదీ?" అన్నాను.

"అది కవిత్వం ఎట్లయితది సార్? రోజూ జరిగేదే కద" అన్నాడు.

ఇక్కడ మిత్రులు నన్ను అడగవచ్చు: రేట్లూ, ఆర్డర్ల లెక్కలూ పోగేస్తే సాహిత్యమవుతుందా, అది నివేదిక కాదా? న్యాయమైన ప్రశ్నే. లూకాచ్ 1936లో రాసిన 'కథనమా, వర్ణనా?' అన్న వ్యాసంలో ఇదే చర్చించాడు. వస్తువులను పక్కన నిలబడి వర్ణించే రచనలో వస్తువు చచ్చిపడి ఉంటుందనీ, మనిషి తలరాతలో సంఘటనగా మారినప్పుడే దానికి ప్రాణం వస్తుందనీ ఆయన వాదన. నేను అడుగుతున్నదీ అదే. పదమూడో ఆర్డర్ అంకెగా ఉన్నంతవరకు నివేదిక. ఆ రాత్రి పద్నాలుగోదాని కోసం ఎదురుచూస్తూ మర్నాటి పరీక్షకు వెళ్లలేకపోతే అది కథ. పేజీకి నాలుగు రూపాయలు తీసుకునే అమ్మాయి అధ్యాపకుడి తప్పు దిద్దడం కథ. వలసపిట్టకు పద్నాలుగో ఆర్డర్ ఉండదు, అందుకే అది ఎక్కడికీ ఎగరదు.

ఒక్క మినహాయింపు చెప్పాలి. ఆ కుర్రవాడు పిట్టనూ రాక్షసినీ ఎందుకు పట్టుకున్నాడంటే మేము, అంటే తెలుగు పండితులం, వాటినే కవిత్వమని నేర్పాం. నేను బడిలో పాఠం చెప్పేటప్పుడు కూడా ప్రతీక అనగానే గొంతు పెంచుతాను. పని వివరం వస్తే తొందరగా దాటేస్తాను. పరీక్షలో దానికి ప్రశ్న రాదు.

తార్నాక గల్లీలోని ఆ దుకాణం ఇప్పటికీ ఉంది. సిద్ధాంత గ్రంథాలు రావు. పిల్లలు యూనికోడ్‌లో తామే కొట్టుకుంటారు, లేదా ఫోనుకు చెప్పి రాయిస్తారు. వ్యాసం మొత్తం రాసిపెట్టే పరికరాలు కూడా చేతికొచ్చాయి. దుకాణంలో ఆధార్ ప్రింట్లు, ఉద్యోగ దరఖాస్తులు, హాల్ టికెట్లు తీస్తున్నారు. ఆ అమ్మాయి అక్కడ లేదు. కొన్నాళ్లు ఒక ప్రైవేటు బడి ఆఫీసులో చేసి మానేసిందని కొత్తగా ఉన్న కుర్రవాడు చెప్పాడు.

ఈ వ్యాసంలో సగం నేను కూడా ఫోనుకు నోటితో చెప్పి రాయించాను. ఒకచోట పొరపాటున 'ప్రాధాన్యత' అన్నాను. అది అలాగే కొట్టింది.